హెచ్ గోలి వేసుకుంటున్న దోస్తుకు

దోస్తూ,

మిరుగు ఇంకా రాలే. రోహిణి ఎండకు కరీంనగర్‌ల పొద్దున పది దాటితే బజారుల మనిషి కనిపిస్తలేడు. రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్ దిక్కు 45 దాటిందని పేపర్ల రోజూ వస్తున్నది. మానేరు డ్యాం కట్ట మీద నడకను పొద్దు పొడవకముందే ముగిస్తున్నం. చెల్లె మామిడికాయ తొక్కు పెట్టింది, దుబాయ్ పోయేటోళ్లు ఎవరన్న దొరికితే నీకు పంపుతనంటున్నది. ఆ తొక్కు సంగతి తర్వాత చెప్త.

మొన్న ఫోన్‌ల నువ్వు "డాక్టర్ బీపీ గోలి మార్చిండు, పేరు చివర హెచ్ అని ఉన్నది, గంతే" అని తేలిగ్గ అనేసినవు. గంతే కాదు. నీకు తెలుసు గదా, నాకు మనసుల ఒకటి పడితే అది చెప్పేదాక నిద్ర పట్టదు.

ఆ హెచ్ అంటే హైడ్రోక్లోరోథయజైడ్. మనోళ్లు నీళ్ల గోలి అంటరే, అదే. కిడ్నీలు ఉప్పును ఎక్కువ బయటికి పంపేటట్లు చేస్తది, ఉప్పు వెంట నీళ్లు పోతయి, రక్తనాళాల మీద ఒత్తిడి తగ్గుతది. చవక గోలి, ఏం పని చేస్తదిలే అనుకుంటున్నవా? ఈ జాతి మందులు 1958 నుంచి వాడుకల ఉన్నయి. ఉత్తర అమెరికాల 33 వేల మందికి పైగా బీపీ రోగుల మీద చేసి, 2002ల ఫలితాలు బయటపెట్టిన ఆల్‌హాట్ అధ్యయనంల ఇదే జాతికి చెందిన క్లోర్‌థాలిడోన్, ఖరీదైన కొత్త మందులకు ఏం తీసిపోలేదని తేలింది. కాబట్టి గోలి మంచిదే, ఇష్టమొచ్చినట్లు ఆపొద్దు. నా మొదటి భయం నువ్వు పనిచేసే ఎండ గురించి.

పైన చెప్పినట్లు ఈ గోలి ఒంట్ల నీళ్లను, ఉప్పును తగ్గిస్తది. సైట్ మీద చెమట కూడా అదే పని చేస్తది. రెండూ ఒక్కనాడే కలిస్తే? లేవంగనే కండ్లు తిరుగుతయి, పిక్కలు గుంజుతయి, కాళ్లల్ల సత్తువ ఉండది. 2015 మే వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్ల వెయ్యి మందికి పైగా పోయిండ్రు, మర్చిపోలేదు గదా? దుబాయ్‌ల పగటిపూట పన్నెండున్నర నుంచి మూడు దాక బయట పని బందు పెట్టే నియమం జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకనే. ఇప్పుడు ఇంకా మొదలే కాలే. కాబట్టి కండ్లు తిరిగిన నాడు పరంజ ఎక్కకు, నీడకు పోయి కూర్చో, సూపర్‌వైజర్‌కు చెప్పు. మంచం మీదికెళ్లి కూడా ఒక్కసారిగ లేవకు. ఈ మందు తోలును ఎండకు తొందరగ కందేటట్లు చేస్తది, నిండు చేతుల అంగీ తొడుక్కో.

"అయితే బిందెలకు బిందెలు నీళ్లు తాగుత" అంటవు, నాకు తెలుసు. అది కూడా తప్పే. దప్పిక తీరేటట్లు కొంచెం కొంచెంగ పొద్దంత తాగు. ఈ గోలి మీద ఉన్నోళ్లు ఉత్త నీళ్లు అతిగ తాగితే రక్తంల సోడియం పడిపోతది. తలనొప్పి, వాంతి, మనిషి అయోమయం అయితే అది ఆస్పత్రికి ఉరకాల్సిన సంగతి. చెమట పట్టే పనిల రోజుకు ఎన్ని నీళ్లు తాగాల్నో డాక్టర్‌నే అడుగు. ఇగ తొక్కు: ఎట్లాగూ చెమటకు ఉప్పు పోతున్నది గదా అని రోజూ రెండు పూటలా తొక్కుతోనే అన్నం తింటే, గోలి తీసేసే ఉప్పును మళ్లీ నువ్వే నింపినట్లు. రుచికి కొంచెం తిను.

పొటాషియం సంగతి కూడా గిదే తీరు. హెచ్ దాన్ని తగ్గిస్తది, నీ గోలిల హెచ్ పక్కనే ఉన్న ఇంకో బీపీ మందు టెల్మిసార్టన్ పెంచుతది. ఎటు మొగ్గుతున్నదో రక్తపరీక్షనే చెప్తది. అప్పటిదాక ఎవరో చెప్పిండ్రని పొటాషియం పొడి, తక్కువ సోడియం ఉప్పు మొదలుపెట్టకు.

గోలిని పొద్దున వేసుకో. రాత్రి వేసుకుంటే ఒంటికి లేచుడే అయితది, నిద్ర పాడైతది. నైట్ డ్యూటీ ఉన్న వారం నిద్ర లేచినంక వేసుకో. మర్చిపోతే తెల్లారి రెండు కలిపి వేసుకోవద్దు.

అన్నిటికంటే నాకు ఎక్కువ భయం నీ నడుం నొప్పి గోలీలతోని. ఊళ్లె ఉన్నప్పుడు మెడికల్ షాపుకు పోయి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ అడిగి తెచ్చుకునేటోనివి. అప్పుడు ఎవ్వరూ ఆపలే. కానీ టెల్మిసార్టన్, హెచ్, నొప్పి గోలి మూడూ ఒక్క ఒంట్ల పడి, పైన నీళ్లు కూడా తక్కువైతే కిడ్నీలకు రక్తం సరిపోదు. దెబ్బ తగిలేదాక తెల్వది. ఇది బెదిరించుడు కాదు, కిడ్నీ డాక్టర్లు రోజూ చెప్పే మాటనే. నడుం నొస్తే బీపీ గోలి పేరు చెప్పి, ఏది వేసుకోవాల్నో అడుగు.

మోషన్లు, వాంతులు, జ్వరం వచ్చిన నాడు కూడా అంతే. ఆ పూటనే డాక్టర్‌కు ఫోన్ చెయ్యి. తిండి, నీళ్లు నిలిచేదాక ఈ గోలి ఆపమంటడో, కొనసాగించమంటడో ఆయన చెప్తడు. మోషన్లకు ఓఆర్ఎస్ మంచిదే, కానీ మామూలు దినాల్ల దాన్ని షర్బత్ లెక్క తాగితే ఉప్పే పెరుగుతది.

షుగర్ అంచుల ఉన్నోనివి, కాలి బొటనవేలు ఒకసారి వాచిందని కూడా చెప్పినవు. ఈ గోలి షుగర్‌ను, యూరిక్ యాసిడ్‌ను కొంచెం పెంచగలదు. ఆ రెండు ముచ్చట్లు డాక్టర్‌కు చెప్పినవా? చెప్పి ఉండవు, "అడగలే గదా" అంటవు. అడగకున్నా చెప్పు. గోలి మొదలుపెట్టినంక రెండు నుంచి నాలుగు వారాల్ల సోడియం, పొటాషియం, క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలె. నీకు ఆ గడువు దగ్గరికి వచ్చింది. వచ్చే సెలవునాడు క్లినిక్‌కు పో, నొప్పి గోలీల పట్టీ కూడా జేబుల పెట్టుకొని పో. రిపోర్ట్ ఫొటో వాట్సాప్‌ల పంపు, డాక్టర్ ఏమన్నడో నాకు రాయి.

నీ దోస్తు