ఏకవచనములో స్త్రీ

బల్మూరు బడిలో మేము వ్యాకరణము చెప్పుచుండగా ఒక బాలిక లేచి, “సారూ, నాయిన వచ్చిండు అంటం. అమ్మ వచ్చింది, బర్రె వచ్చింది అంటం. అమ్మకు వేరే మాట లేదా?” అని యడిగినది.

19వ శతాబ్దమున చిన్నయసూరి రచించిన బాలవ్యాకరణమును బట్టి స్త్రీవాచకములు ఏకవచనమున అమహత్తులు, బహువచనమున మహత్తులవంటివి. కనుకనే స్త్రీలు వచ్చిరి, బర్రెలు వచ్చినవి. ఇట్లు చెప్పితిమి. ఒంటరిదైన స్త్రీ పశువులతోను, పలువురైన స్త్రీలు పురుషులతోను చేరుట ఆ బాలికకు నచ్చలేదు.

సంస్కృతమున భార్యను చెప్పు దారశబ్దము పుంలింగము, నిత్యబహువచనము, కలత్రము నపుంసకము. ప్రాచీన గ్రీకున శిశువును చెప్పు ‘పైదియొన్’ నపుంసకము. అట్టి శబ్దములు బహువచనమున నున్నను క్రియ సాధారణముగా ఏకవచనమే. అచట లింగము శబ్దమునకే గాని మనిషికి గాదు. తెలుగున లింగము అర్థమును బట్టి వచ్చును. కావున ఆ సమాధానము మనకు చెల్లదు.

మేమొక్కరమే యయ్యును “మేము” అని వ్రాసికొనుచున్నాము. ఇల్లాలికి మాత్రము “వచ్చినది” చాలుననుకొంటిమి. సూత్రమును దిద్దుట మా వశము గాదు. గౌరవబహువచనము మా వశమే. నాటినుండి ఆమెను గూర్చి “వచ్చినారు” అనుచున్నాము. మొదటిసారి విని ఆమె నవ్వినారు.