బరి నుంచి బూత్‌కి

2024 మే 13. ఓటేద్దామని రాత్రి హైదరాబాద్‌లో ట్రైనెక్కి పొద్దున్నే భీమవరంలో దిగా. ఊరి దారికి ఓ పక్క రొయ్యల చెరువులు, ఇంకో పక్క అడుగంటిన పంట కాలువ.

మావయ్య పుంజుకి చోళ్లు పెడుతున్నాడు. ఓటెవరికంటే, “పందేలకి అడ్డురానోడికేరా!” అన్నాడు.

కత్తులు కట్టి పుంజుల్ని కొట్లాడించడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. అయినా ఏ ప్రభుత్వమున్నా సంక్రాంతికి బరులు లేస్తూనే ఉన్నాయి.

“అడ్డొచ్చేవాడు ఎవడున్నాడు మావయ్యా? మరి తేడా ఎలా చూస్తారు?” అంటూ గుమ్మంలో ఉన్న నీళ్ల టిన్ను చూపించా. చుట్టూ కాలువలే, తాగే నీళ్లు మాత్రం కొనుక్కోవాలి.

“నీళ్లిస్తాడని ఎవడి మీదా నమ్మకం లేదురా.”

“నాకూ లేదు. రేపు ఎవర్ని నిలదీయగలమో వాళ్లకే వేద్దాం.”

మావయ్య పుంజుని గంప కింద పెట్టాడు. ఇద్దరం బూత్‌కి నడిచాం. ఎవరికేశాడో చెప్పలేదు. తిరిగొస్తూ మాత్రం కాలువ దగ్గర కాసేపు ఆగాడు.