ఖాళీ ట్రాలీకి ఫుల్ రేజు ఎందుకు?



ఈసారి వరి ముచ్చట కాదు, పత్తి ముచ్చట కాదు. ఇంట్ల పిల్లల చేతిల ఉండే ల్యాప్‌టాప్ గురించి. "అది మనకెందుకే" అని పక్కకు జరపకండి. మూడు నాలుగు వేల రూపాయలు మిగిలే ముచ్చట ఇది.

మా తమ్ముని బిడ్డ డిగ్రీ చేసి పోటీ పరీక్షలకు చదువుతున్నది. సెకండ్ హ్యాండ్ల కొన్న పాత ల్యాప్‌టాప్. వానకాలం సాయంత్రం గాలిదుమారం లేస్తే కరెంటు పోవుడు మనకు కొత్త కాదు. కరెంటు పోయిన గంటన్నరకే ల్యాప్‌టాప్ బందైతుండె. మాక్ టెస్టేమో రెండు గంటలు. నడుమల బందైతే రాసిందంతా పాయె. దుకాణంల అడిగితే బ్యాటరీ మార్చాలె, మూడున్నర వేలైతదన్నరు. నాట్ల కూలీలకే పైసలు సర్దుకునే రోజులాయె. "వచ్చే ఏడాది రాస్తది తీ" అన్నడు మా తమ్ముడు. ఆ మాట నాకు గుచ్చుకున్నది. కొత్త బ్యాటరీ కొనేముందు ఉన్న బ్యాటరీని ఎవరు తాగుతున్నరో చూద్దామని కూసున్న.

ల్యాప్‌టాప్‌కు ప్రాసెసర్ ఇంజను లెక్క. దాని వేగాన్ని గిగాహెర్ట్జ్‌లల కొలుస్తరు. ఒక గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు వంద కోట్ల టిక్కులు. వేగం పెరగాలంటే వోల్టేజీ కూడా పెరగాలె. అసలు దెబ్బ అక్కడనే ఉన్నది. ఖర్చయ్యే కరెంటుకు వేగాన్ని ఒకసారి, వోల్టేజీని రెండుసార్లు గుణించాలె. రెండూ 20 శాతం తగ్గినయనుకోండి. 0.8ని మూడుసార్లు గుణిస్తే 0.51 వస్తది. వేగం ఐదో వంతు తగ్గితే, లెక్క ప్రకారం ప్రాసెసర్ తినే కరెంటు దాదాపు సగం తగ్గుతదన్నమాట.

మరి వోల్టేజీ తగ్గితే మన బోరు మోటారు కాలిపోతది గదా అని మీకు అనుమానం రావాలె. మోటారు మీద నీళ్ల బరువు అట్లనే ఉంటది. వోల్టేజీ పడిపోతే అది ఆంపియర్లు ఎక్కువ గుంజి వైండింగ్ కాల్చుకుంటది. ప్రాసెసర్ అట్ల కాదు. ముందు వేగం తగ్గించుకొని, ఆ వేగానికి సరిపోయే వోల్టేజీయే తీసుకుంటది. అందుకే కాలదు, పైగా చల్లగుంటది.

పని బరువు పెరిగిందనిపిస్తే ప్రాసెసర్ తన మామూలు వేగం దాటి ఉరుకుతది. ఇంటెల్ వాళ్లు దాన్ని టర్బో బూస్ట్ అంటరు. 2018 జనవరి 1 నుంచి మన మోటార్లకు 24 గంటల కరెంటు వచ్చినప్పుడు ఆటోస్టార్టర్లు తీసెయ్యమని ఎందుకు చెప్పిన్రు? మడి నిండినా మోటారు దానంతట అదే నడుస్తుంటే బోరు ఎండుతదని. ఈ టర్బో కూడా గసొంటిదే. పుస్తకం చదువుకునే దానికి గంత ఉరుకుడు అక్కర లేదు.

విండోస్ ల్యాప్‌టాప్ అయితే ఇట్ల చేయండి. కంట్రోల్ ప్యానెల్‌ల పవర్ ఆప్షన్స్, అండ్ల చేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, తర్వాత చేంజ్ అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగ్స్. కింద ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్‌ల మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ ఉంటది. 100 ఉన్నదాన్ని 99 చేస్తేనే చానా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లల టర్బో ఆగుతది. మేము ఆన్ బ్యాటరీ దగ్గర 80 పెట్టినం, ప్లగ్డ్ ఇన్ దగ్గర 100 అట్లనే ఉంచినం. కొన్ని కొత్త వాటిల ఈ ఆప్షన్ కనిపించదు. అప్పుడు సెట్టింగ్స్‌ల సిస్టమ్, పవర్ అండ్ బ్యాటరీకి పోయి, పవర్ మోడ్‌ల బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీ పెట్టండి. స్క్రీన్ వెలుతురు కూడా సగానికి తగ్గించినం. ఇప్పుడు రెండు గంటల మీద ఇంకింత సేపు వస్తున్నది. టెస్టు పూర్తైతున్నది.

అట్లని 30కో 40కో దించకండి. పది నిమిషాల పని అరగంట పడితే, ఆ అరగంట స్క్రీన్ వెలుగుతనే ఉంటది, బ్యాటరీ పోతనే ఉంటది. మన జ్యోతినగర్‌ల ఉన్న ఎన్టీపీసీనే చూడండి. 200 మెగావాట్ల యూనిట్లు మూడు, 500వి నాలుగు, ఈ ఏడు కలిపితేనే 2600 మెగావాట్లు. పగటిపూట సోలార్ కరెంటు బాగా వస్తే బొగ్గు ప్లాంట్ల లోడు తగ్గిస్తరు. వాళ్ల రిజర్వాయరు నీళ్ల మీదనే 2022 నుంచి 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నయి గదా. కానీ బొగ్గు ప్లాంటును మరీ కిందికి దించితే పుట్టే ఒక్కో యూనిట్ కరెంటుకు కాలే బొగ్గు పెరుగుతది. అందుకే ఇంతకంటే దించొద్దని ఒక గీత ఉంటది. ల్యాప్‌టాప్‌కు కూడా ఆ గీత ఉంటది. 99తోని మొదలుపెట్టి, పది పది తగ్గించుకుంట, పని సతాయించే కాడ ఆగండి.

ఒకటి మాత్రం నిజం. అరిగిన బ్యాటరీని ఏ సెట్టింగూ కొత్తది చెయ్యదు. ఉబ్బినట్టు కనిపిస్తే ఒక్క రోజు కూడా వాడొద్దు, మార్చాల్సిందే. మంచిగున్నదాన్ని వేడి నుంచి కాపాడుకోవాలె. పరుపు మీద పెట్టి నడిపితే గాలి రంధ్రాలు మూసుకపోతయి.

మీ ఇంట్ల పిల్ల "బ్యాటరీ పోయింది నాయిన" అంటే పైసలకు తిప్పలు పడేముందు పావుగంట పక్కన కూసొని ఈ సెట్టింగ్ చూడండి. ఎంత పెడితే ఎంతసేపు వచ్చిందో కింద రాయండి, ఇంకొకలకు పనికొస్తది.