మాటల్లేవు కానీ లింకులున్నాయి

మా ఫ్యామిలీ గ్రూపులో ఉన్నది ముగ్గురమే. మా వారు, మా అబ్బాయి, నేను. అయినా రోజుకి పదిసార్లు ఫోను మోగుతుంది. తెల్లారుజామున ఐదింటికి మా వారు రెండో ప్రపంచ యుద్ధం పంపిస్తారు. రాత్రి పదకొండు దాటాక మావాడు బెంగళూరు నుంచి రెజ్లింగ్ పోటీలూ, పాత వీడియో గేముల సంగీతమూ పంపిస్తాడు. మధ్యలో నేను గోంగూర పచ్చడి ఫొటో పెడితే ఇద్దరూ బొటనవేలు చూపిస్తారు. అంతే!

ఒకరు పంపింది ఇంకొకరు చూడరనే అనుకునేదాన్ని. ఎందుకంటే వాళ్లిద్దరికీ ఎనిమిది నెలలుగా మాటల్లేవు. మంచి ఉద్యోగం మానేసి స్నేహితుడితో కలిసి సొంతంగా ఏదో మొదలుపెడతానన్నాడు వాడు. "అయితే ఇంక నాకు ఫోను చెయ్యకు" అన్నారీయన. కోపంలో అన్న మాటని వాడు నిజంగానే పాటించాడు. పట్టుదలలో అచ్చం తండ్రే.

మొన్నో మధ్యాహ్నం వంటింట్లో ఉంటే, హాల్లోంచి బాగా తెలిసిన బాణీ వినిపించింది. మారియో! 1985లో కోజి కొండో అనే జపాన్ ఆయన కట్టాడట. 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు భద్రపరిచే రికార్డింగుల జాబితాలో చేర్చారట. వీడియో గేముల సంగీతంలో ఆ గౌరవం దక్కింది దీనికే మొదట. ఇవన్నీ మావాడు లింకు కింద రాసిన సంగతులు. నాకు మటుకు అది వేసవి సెలవుల పాట. తండ్రీకొడుకులు చెరో రిమోటూ పట్టుకుని టీవీ ముందు కూర్చుంటే, అన్నం చల్లారిపోతోందని నేనరిచిన అరుపులు కూడా అందులో కలిసే ఉన్నాయి.

తొంగి చూశాను. ఈయన కళ్లు మూసుకుని కుర్చీ చేతి మీద తాళం వేస్తున్నారు. నన్ను చూసి గబుక్కున ఆపేసి, "చెయ్యి తగిలి మోగింది" అన్నారు. నేనూ నమ్మినట్టే తలూపాను.

ఆ రాత్రి మావాడు 1998 నాటి అండర్‌టేకర్, మ్యాన్‌కైండ్ పోటీ పెట్టాడు. పదహారడుగుల పంజరం మీంచి మనిషిని కిందికి విసిరేస్తాడే, అదే. చిన్నప్పుడు అది చూసే వీడు మంచం మీంచి దూకి గడ్డం చీల్చుకున్నాడు. ఈయన వాణ్ణి ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తారు. మూడు కుట్లు పడ్డాయి. మర్నాడు మా ఇంట్లో కేబుల్ కనెక్షన్ ఊడింది.

పొద్దున్నే ఈయన మామూలుగానే ఒక యుద్ధం డాక్యుమెంటరీ పంపారు. కానీ మొదటిసారి దాని కింద ఓ వాక్యం రాశారు. "1942 ఏప్రిల్ 6. మీ నాయనమ్మ చెప్పిన బాంబులు ఇవే."

ఆ రోజు జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. మా అత్తగారికి అప్పుడు ఏడేళ్లు. ఊరంతా ఖాళీ అవుతుంటే వీళ్లూ ఎడ్లబండి కట్టుకుని విజయనగరం దారి పట్టారు. ఆవిడ ఆ కథ మనవడికి ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు.

గంటన్నర తర్వాత జవాబొచ్చింది. "మొత్తం చూశాను నాన్నా. నాయనమ్మ బండిలో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లిన ఇత్తడి చెంబు ఇంకా ఉందా?"

ఈయన లేచి దేవుడి గదిలోంచి చెంబు తెచ్చారు. ఫొటో తీశారు. సగం చెంబు, సగం ఆయన వేలు. అలాగే పంపేశారు. కాసేపు ఫోను వంకే చూస్తూ కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేశారు. "ఉంది. నీ గడ్డం మీద మచ్చ ఉందా?"

అది చూపించడానికే వాడు వీడియో కాల్ చేశాడు.

ఉద్యోగం మాట ఎవరూ ఎత్తలేదు. అది ఇంకో రోజు ఎలాగూ వస్తుంది, గొడవా అవుతుంది. అవనీండి, మాట్లాడుకుంటేనే కదా గొడవైనా అయ్యేది! నేను మాత్రం ఆ పూట కాఫీ రెండుసార్లు పెట్టాను.

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు వేళాపాళా లేకుండా ఏవేవో పంపిస్తూనే ఉంటారు కదా? ఒక్కసారి నొక్కి చూడండి. అందులో మీకు చెప్పలేక ఆగిపోయిన మాట ఏదైనా ఉందేమో.