ఎవరో దిద్దిపోయారు

నిన్న రాత్రి నిద్రపట్టక తెలుగు వికీపీడియాలో మా ఊరి పేజీ తెరిచాను. ఎందుకో 'చరిత్ర' అన్న మాట మీద నొక్కాను. ఊరి చరిత్ర కాదండోయ్, ఆ పేజీ చరిత్ర! ఎవరు ఏ తేదీన ఏ అక్షరం మార్చారో అంతా ఉంది. అర్ధరాత్రి దాటాక ఎవరో వచ్చి ఒక దీర్ఘం సరిచేసి వెళ్లారు. ఇంకొకాయన మూలం లేదని ఒక వాక్యం తీసేశారు. మరెవరో ఆకతాయి రాసిన బూతుని ఇంకెవరో వెంటనే రద్దు చేశారు. వీళ్లెవరికీ జీతం లేదు. పేజీ మీద పేరూ ఉండదు, చరిత్రలో తప్ప.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారు మొదలుపెట్టిన పని. అప్పట్లో కంప్యూటర్లో తెలుగు టైపు చెయ్యడమే పెద్ద యజ్ఞం.

నాకు బాగా నచ్చేవి ఈ వికీ రాసేవాళ్ల మాటలు. చిన్న వ్యాసాన్ని 'మొలక' అంటారు. నీళ్లు పోస్తే ఎదుగుతుందని కాబోలు. వాదులాడుకునే చోటు పేరు 'రచ్చబండ'. అక్కడ ఒక్కోసారి నిజంగానే రచ్చ అవుతుంది, కానీ ఆ రచ్చ కూడా చెరిగిపోకుండా అలాగే ఉంటుంది. మన ఊరి రచ్చబండకి ఆ సౌకర్యం లేదు!

వికీలో అన్నీ తప్పులే అని పెదవి విరిచే మిత్రులకో మాట. పైన 'సవరించు' అని ఉంటుంది. ఖాతా కూడా అక్కర్లేదు. మీ ఊరి పేజీ ఒకసారి తెరవండి. కాకపోతే పుస్తకమో పేపరో ఏదో ఒక ఆధారం చూపించాలి. మా తాతయ్య చెప్పాడంటే ఒప్పుకోరు.