లోపించినా మిగిలేవి

మొన్న అనంతగిరిలో మా ఇంటి పాత కంప్యూటరులోని ఉబుంటును శుభ్రం చేయ పూనుకొన్నాను. డీపీకేజీ జాబితాలో కొన్ని పంక్తుల ముందు ‘ఆర్‌సీ’ అని ఉంది. ప్యాకేజీ తొలగినా దాని అమరికల దస్త్రాలు మిగిలాయని దాని అర్థం. పాణినీయంలోని క్విప్ ప్రత్యయం జ్ఞప్తికి వచ్చింది: అది సర్వం లోపించినా దాని కార్యం శబ్దంలో నిలిచే ఉంటుంది. ఆ శేషాలను ‘ఏపీటీ పర్జ్’తో ఒక్కొక్కటిగా తుడిచాను.

ఆ ఊపులోనే ‘ఆటోరిమూవ్’ ఆదేశమూ ఇచ్చాను. అవసరం లేనివంటూ అది చూపిన జాబితాలో పోతన, వేమన ఖతుల ప్యాకేజీ కనబడి ఉలిక్కిపడ్డాను. నేను కూర్చుకొన్న ఛందస్సు పాఠాలన్నీ పోతన ఖతిలోనే ఉన్నాయి!

తప్పు యంత్రానిది కాదు. భారతీయ లిపుల ఖతుల మూటను అంతకు ముందు నేనే తీసివేశాను. దాని వెంట వచ్చిన ఈ ఖతులను ఇప్పుడు మరే ప్యాకేజీ కోరడం లేదు. ప్యాకేజీల అవసరాలే యంత్రానికి తెలుసు. మనిషి అవసరం మనిషే చెప్పాలి. అప్పటికి ‘వద్దు’ అని, ‘ఏపీటీ-మార్క్ మాన్యువల్’తో అవి నేను కోరినవేనని నమోదు చేశాను.

మిత్రులారా, జాబితా కడదాకా చదవనిదే ‘వై’ నొక్కకండి.