దేవరకొండ పెరటిలో రాజుగారి ద్రాక్ష

మొన్న అక్టోబరులో మేము దేవరకొండ దగ్గర ఒక పల్లెలో వృద్ధ విశ్వాసిని పరామర్శించడానికి వెళ్లాము. ఎర్రని చెలక నేల, అడుగంటిన బోరు. పెరట్లో మాత్రం రాతి కూసాల పందిరిపై పాత ద్రాక్షతీగ కలదు.

"అయ్యగారూ, ఈ యేడు దీన్ని తీసేద్దామనుకుంటున్న. పండ్లల్ల గింజలుంటయని మనవలు తింటలేరు. నీళ్లు కూడ లేవు" అన్నాడాయన.

అది అనాబ్-ఎ-షాహి, అనగా రాజుగారి ద్రాక్ష. సుమారు 1890లో అబ్దుల్ బాకర్ ఖాన్ అనే ఆయన దీనిని హైదరాబాదులో నాటించారు. ఒకప్పుడు నగరం చుట్టూ ఈ తోటలే ఉండేవి. తరువాత గింజలేని థామ్సన్ రకం వచ్చింది, తోటలు ఇండ్ల స్థలాలయ్యాయి.

మేము ఆయనకు దూరదేశపు సంగతి ఒకటి చెప్పాము. అమెరికాలోని కాలిఫోర్నియాలో జిన్‌ఫాండెల్ అనే ద్రాక్ష ప్రసిద్ధి. దాని పుట్టిల్లు ఏదో చాలా కాలం ఎవరికీ తెలియలేదు. 2001లో క్రొయేషియా సముద్రతీరాన కష్తెల్ నోవి అనే ఊరి తోటలో అదే రకపు తీగలు కొద్దిగా మిగిలి ఉన్నట్లు జన్యు పరీక్షలో తేలింది. ఆ రైతు వాటిని పనికిరానివని పీకివేసి ఉంటే ఆ పుట్టిల్లు తెలిసేదా?

పొరుగు దేశమైన స్లొవేనియాలో, మారిబోర్ పట్టణమందు ద్రావా నది ఒడ్డున ఒక ఇంటి గోడకు పాకిన తీగ వయస్సు 400 ఏండ్లు దాటింది. అది నేటికీ కాస్తున్నది. దాని కొమ్మలను ఇతర పట్టణాలకు కానుకగా పంపుతారు. అక్కడివారు పండును ఎక్కువగా ద్రాక్షాసారాయికి వాడతారు, మనమైతే పండుగానే తింటాము. తీగ విలువ మాత్రం ఎక్కడైనా ఒక్కటే.

అక్కడ చలికాలంలో ఆకు రాల్చి తీగ నిద్రపోతుంది. మన వేడిలో దానికి ఆ నిద్ర లేదు. కాబట్టి ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరిస్తేనే కాపు.

పెద్దాయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత కత్తెర తెచ్చి, ముదిరిన కొమ్మలు నాలుగు, ఒక్కొక్కటి నాలుగు కణుపులుండేటట్లు కోసి ఇచ్చాడు. "నేను పోయినా ఇది ఉండాలె" అన్నాడు.

రెండు కణుపులు మట్టిలోనికి పోవునట్లు వాటిని మా ఇంటి వెనుక నాటాము. రెండు ఎండిపోయాయి, రెండు చిగురించాయి. మా ఇంటావిడ గిన్నెలు కడిగిన నీళ్లు వాటికే పోస్తున్నది.

మీ పెరట్లోనూ పాత తీగ ఉంటే, గొడ్డలి తీయకముందు నాలుగు కొమ్మలు పొరుగువారికి ఇవ్వండి.